బూడిద అంటిన గాజు పోగు

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మధ్య పుట్టిన మునీశ్వరికి పోగు అతకడం ఎవరూ నేర్పలేదు. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడితే సరి, జారమన్నా జారవు. ఆ విద్యే కొంప ముంచింది.

ఎనిమిదేళ్లుగా ఆమెకు ఒకటే పని, ఒకటే పిచ్చి. ఇంటర్నెట్ కేబుళ్లలో వాడే గాజు పోగును అంతరిక్షంలో తీయాలి. అక్కడ బరువుండదు గనక పోగు మచ్చ లేకుండా వస్తుంది. అందుకే కుప్పం వర్క్‌షాప్‌లో బియ్యం డబ్బా అంత కొలిమి కట్టింది. రాకెట్‌కు పంపే ముందురోజు గాజు కొసను, పోగు చుట్టుకునే కండె దారానికి అతకాలి. గ్లౌజులతో పట్టు చిక్కదే! చుట్టూ ఎవరూ లేరనుకుంది. గ్లౌజు తీసి, పర్సులోని విభూది అద్దుకుని, వాళ్లమ్మలాగే అతికేసింది.

నేల మీదైతే ఆ బూడిద రాలిపోయేది. పైన రాలడానికి కిందంటూ ఉంటే కదా! తేలుతూ పోయి కరిగిన గాజుకే అంటుకుంది. తిరిగొచ్చిన పోగు నిండా మచ్చలే. అది బూడిదేనని పరీక్షలో తేలింది. కొలిమి శుభ్రం చేశానని సంతకం పెట్టింది టెక్నీషియన్ ఉమర్. సోమవారం అతన్ని తీసేస్తారు. ఈ పనిలో ఒకసారి అజాగ్రత్త మనిషన్న ముద్ర పడితే ఇంకెవరూ గడప తొక్కనివ్వరు. నిజం చెబితే ఆ గతి మునీశ్వరికి పడుతుంది.

ఆదివారం పుంగనూరులో అతని ఇంటికి పోయింది.

"ఉమర్, ఆ బూడిద..."

"తెలుసు మేడమ్. ఆ పొద్దు తలుపు అద్దంలోంచి నేను సూసినా."

"మరి యాల చెప్పలేదప్పా?"

"కొలిమి కట్టింది మీరు. మీరు పోతే ఇంకో కొలిమి లేదు. నాదేముండాది? మా మామూకి వెల్డింగు షాపు ఉండాది. నేను నోరు తెరవను. మీరు నిమ్మళంగా పోండి."

అతని భార్య షకీలా టీ తెచ్చి పెట్టింది. మునీశ్వరి ముఖం వైపు మాత్రం చూడలేదు.

మునీశ్వరికి గుండెల మీది బండ దిగినట్టయింది. బతికిపోయాననుకుంది. నిజంగానే సంతోషపడింది, ఛీ! ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం పుట్టింది. టీ ముట్టకుండానే పై అధికారి రామమూర్తికి ఫోన్ కలిపింది.

"సార్, బూడిద అంటించింది నేను. ఉమర్ కాదు."

ఆయన అదే మాట ఆమె చేత రెండోసారి చెప్పించుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దులేమ్మా," అన్నాడు చివరికి.

ఉమర్ తల పట్టుకున్నాడు. "ఎంత పని చేస్తిరి మేడమ్! ఇంక ఆ కొలిమిని పైకి ఎవురు పంపిస్తారు?"

"ఎవురో ఒకరు పంపిస్తార్లేప్పా," అంటూనే మునీశ్వరి బావురుమంది.