అద్దాల కొట్లో మాట్లాడని పిల్ల

అద్దాల షావుకారు నోటినే పెట్టుబడిగా పెట్టి పైకొచ్చిన మనిషి. అద్దం ఏ కొట్లోనైనా ఒకటే, దాని ముందు మనిషిని నిలబెట్టి చెప్పే మాటలోనే లాభమంతా ఉందని ఆయన లెక్క. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. పొద్దస్తమానం నిలబడలేక కౌంటరు ఎవరికో ఒకరికి అప్పగించక తప్పని రోజు వచ్చింది.

నాకివ్వండి అని కూతురు అడిగింది. చదువు అయిపోయినప్పటి నుంచీ ఆమె కొట్టు వెనక గదిలో వచ్చిన సరుకు దించుకుని, చిట్లిన అద్దాలు ఏరి పక్కన పెడుతోంది. ఆ గది తలుపు మీద ‘ఇన్‌వర్డ్’ అని రాసి ఉంటుంది, సరుకు లోపలికొచ్చే చోటు కాబట్టి.

"ఆ బోర్డు గదికి కాదు మావయ్యా, మా మరదలికే పెట్టినట్టుంది," అని నవ్వాడు మేనల్లుడు. కౌంటరు మీద అతనికీ కన్నుంది. "ఇలాంటివాళ్లని ఇంట్రోవర్ట్ అంటారు. మనిషి లోపలికి తిరిగిపోయి ఉంటుంది."

"మళ్లీ ఇటు తిప్పలేమంటావా?"

"లాభం లేదు. తయారీలోనే అలా వచ్చింది. వాడకంలో పాడైందైతే రిపేరు చేయించొచ్చు."

షావుకారుకి ఆ మాట సబబుగానే తోచింది. కూతురు తెలివైనదే. కానీ గిరాకీ ముందు పెదవి విప్పని పిల్ల చేతిలో కొట్టు పెడితే ఏం మిగులుతుంది? సాయంత్రం మేనల్లుడి పేరే చెప్పేయాలనుకున్నాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముఖానికి ఒక పక్కగా శాలువా కప్పుకుని ఉంది. ముఖం పెద్దదిగా కనిపించే అద్దం కావాలంది. షావుకారు ‘కాన్‌కేవ్’ అని చీటీ అంటించిన గుండ్రటి అద్దం తీసి, మధ్యలో లోపలికి వంగిన ఆ గాజును ఆవిడ ముందు నిలిపాడు. అలవాటు కొద్దీ ఆవిడ వెనక్కి చేరి, అందరికీ చెప్పే మాటే చెప్పాడు.

"చూడండమ్మా, ఇందులో మీ అందం రెట్టింపు!"

శాలువా జారింది. ఆవిడ మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. రెండో పక్క కన్ను పూర్తిగా మూతపడటం లేదు. ముఖానికి వ్యాయామం చేయడానికి డాక్టరు కొనుక్కోమన్న అద్దమది. ఆవిడ దాన్ని బోర్లించి, గుమ్మం వైపు నడిచింది.

మేనల్లుడు, "వేరే రకం చూపిస్తామండీ, ఆగండి," అంటూ వెంటపడ్డాడు. ఆవిడ ఇంకా త్వరగా కదిలింది.

వెనక గదిలోంచి కూతురు వచ్చింది. ఆ అద్దం తీసుకుని, "లోపల కుర్చీ ఉందండీ. తలుపు వేసుకోవచ్చు. ఎవరూ రారు," అంది.

ఆవిడ ఆగి, ఆ అమ్మాయిని పరకాయించి చూసింది. తర్వాత అద్దం అందుకుని లోపలికి వెళ్లింది. కూతురు తలుపు దగ్గరికి లాగి, దానికి వీపు పెట్టి నిలబడింది.

చాలాసేపైంది. "కొంటుందో లేదో అడగనా?" అన్నాడు మేనల్లుడు ఉండబట్టలేక. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆవిడ బయటికొచ్చినప్పుడు చేతిలో అద్దం లేదు.

"ఇవాళ ఇంతే చూసుకోగలిగాను. మళ్లీ వస్తాను," అంది కూతురితో. "నువ్వుంటావుగా అమ్మా?"

ఆవిడ వెళ్లాక మేనల్లుడు చేతులు దులిపాడు. "చూశారా? బేరం పోయింది."

మళ్లీ వస్తామని చెప్పి రానివాళ్లు షావుకారుకి కొత్త కాదు. కానీ నువ్వుంటావా అని ఆయన్ని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అద్దం ముందు నిలబడ్డవాళ్ల వీపు వెనక చేరి తాను ఎంతమందికి అడ్డుపడ్డాడో లెక్క తేలలేదు.

"అల్లుడూ, నువ్వు బయట తిరిగి ఆర్డర్లు పట్టుకురా. నీ నోటికి ఊరంత చోటు కావాలి. కౌంటరు అమ్మాయిది."

మేనల్లుడు ముఖం మాడ్చుకున్నాడు. కూతురు సంతోషం పైకి కనిపించనివ్వలేదు.

"నేను అమ్మేటప్పుడు మీరు వెనక నిలబడకూడదు, నాన్నా."

"పక్కన?"

"పక్కన కూడా."

"పోనీ, నోరు మూసుకుని?"

ఆమె ఆ బేరం గురించి నిజంగానే ఆలోచించింది.

"ముందు ఆవిడని రానివ్వండి," అంది. "ఆవిడొచ్చినప్పుడు మాత్రం మీరు టీకి వెళ్లాలి."

షావుకారు ఒప్పుకున్నాడు.