తెలిసిన రాయి

తాండూరు జంగప్పకు లోకంలో రెండే గర్వాలు. ఒకటి తన సున్నం బట్టీ, రెండోది బిడ్డ భాగమ్మ. ఏది ముందని అడిగితే మాత్రం బీడీ వెలిగించుకుని మాట మార్చేవాడు.

భార్య మొగులమ్మ దవడ పుండుతో పోయింది. ఆ రోగం అంతు చూస్తానని భాగమ్మ హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, అక్కడే క్యాన్సర్ పరిశోధనలో చేరింది. అలాంటిది, పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో ఇంటికొచ్చి కంచం ముందు ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"మన ఒంట్ల కణాలున్నయి గద నాయిన, వాటిల సన్న సన్న పొయ్యిలుంటయి. మైటోకాండ్రియా అంటరు. తిన్నదాన్ని గాలితోటి కాల్చి బలమిచ్చేది గవే. క్యాన్సర్ల గవి చెడిపోతయని పెద్దపెద్దోళ్లు రాసిండ్రు. ఎంత గాలి పీలుస్తయో నేను గాజు బుడ్డిల ఏసి కొలిస్తె మంచిగనే పనిచేస్తున్నయి. నీ బుడ్డే తప్పు చూపిస్తదంటడు మా సారు. వికారాబాద్ల డాక్టర్ల సభ ఉంది, నన్ను మాట్లాడనియ్యడట."

జంగప్పకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకున్నాడు. "బుడ్డి మంచిదని నీకెట్ల ఎరుక?"

"పోయినేడు చూసిన."

"పోయినేటి మాట ఇయ్యాల పనికొస్తదా?"

భాగమ్మ కంచం పక్కకు జరిపింది.

తెల్లవారి ఆమెను బట్టీ దగ్గరికి తీసుకెళ్లాడు. కొత్త గని రాయి సరిగా కాలకపోతే గనివాళ్లు బట్టీని తిట్టిపోసేవారు. అందుకని జంగప్ప ప్రతిసారీ ఆ రాళ్ల మధ్యే, ఎప్పుడూ బాగా కాలే పాత గని రాళ్లు మూడు, గాటు పెట్టి మరీ, పేర్చేవాడు. కాలిన గాటు రాయి మీద నీళ్లు చల్లాడు. అది బుసబుస పొంగి పొడైంది. పక్కనున్న కొత్త రాయి మీదా చల్లాడు, అది కదల్లేదు.

"బట్టీల లోపం లేదు. ఇగ గనోడు నోరెత్తడు," అన్నాడు.

భాగమ్మ ఆ సాయంత్రం బండికే వెళ్లిపోయింది. అదే బుడ్డిలో, అదే పూట, ముందు, ఎంత గాలి పీలుస్తుందో తెలిసిన ఎలుక కాలేయం ముక్క, తర్వాత క్యాన్సర్ ముక్క, మళ్లీ కాలేయం వేసి కొలిచింది. ఇరవై సార్లు చేసినా కాలేయం ఎప్పుడూ పీల్చేంత గాలే పీల్చింది, క్యాన్సర్ ముక్క కూడా తక్కువ పీల్చలేదు; బుడ్డిలో తప్పు లేదు. సారు కాగితాలు చూసి, సభకు ఆమె పేరు పంపాడు.

సభ రోజు జంగప్ప ఉతికిన ధోతి కట్టి రైల్లో వికారాబాద్ చేరి, ఆఖరి వరుసలో కూర్చున్నాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. బిడ్డ గొంతు వణకలేదన్నది మాత్రం అర్థమైంది. పొయ్యి చెడకపోతే మందు ఇంకోచోట వెతకాలి, అదే చెబుతానని ఆమె ముందే చెప్పింది.

అంతా అయ్యాక ఒక ముసలి డాక్టరు లేచి తెలుగులో అడిగాడు. "బుడ్డిని ఇట్ల పరీక్ష చేసుడు ఎవరు నేర్పిండ్రమ్మా?"

ముందు వరుసలో సారు టై సవరించుకున్నాడు. భాగమ్మ చెయ్యి ఆయన తల మీదుగా వెనక్కి చూపింది. "మా నాయిన. సున్నం బట్టీ కాలుస్తడు."

హాలంతా వెనక్కి తిరిగింది. జంగప్ప లేచి నిలబడ్డాడు. గోళ్లలో సున్నం ఉంది. చేతులు దాచుకోవాలనిపించలేదు.

బట్టీనా, బిడ్డనా అని ఆ తర్వాత ఎవరడిగినా ఆయన బీడీ వెతుక్కోకుండా బిడ్డ పేరే చెప్పాడు.