బండివాడి తిండి

వేసవి మొదట్లో విట్సన్ పండగ వారం కాలువలో నీళ్లు తీసి ఎండగట్టినప్పుడు చేయవలసిన పనులు కెజాయా పలక మీద రాసుకుంది. పాత జల్లెడకు కొత్త తీగ అల్లాలి. బురదలో చిక్కుకునే చేపలకు తొట్లు సిద్ధం చేయాలి. కలప రేవు నుంచి రాతి వంతెన దాకా బురదంతా జల్లించాలి. దొరికిన ప్రతి ఆల్చిప్పకూ చీటీ కట్టాలి. ఏదీ పారేయకూడదు. ఆదివారం డాక్టర్ థర్ల్‌బీ వచ్చేసరికి నాన్న జాడీలు అటక మీంచి దించి తుడవాలి.

ఆ చివరి పనిలోనే ఆమెకు చిక్కు వచ్చిపడింది.

ఆమె తండ్రి ఇసాకర్ హాలోస్ మగ్గం నేసేవాడు. హాల్డెన్ ఊరి నేతగాళ్ల ప్రకృతి సంఘానికి అధ్యక్షుడు. ఏటా మరమ్మతులకని కాలువ ఎండగట్టినప్పుడు మోకాలి లోతు బురదలో దిగి, కంటబడ్డ చిప్పనల్లా ఏరి, ఆ ఏటి జాడీలో వేసేవాడు. నెలకో ఆదివారం బీరు కొట్టు మేడ మీద సంఘం కూడేది. అధ్యక్షుడు బల్ల మీది చిప్పల కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి పేరు చెప్పాలి. అది చేతులు మారుతుంటే అందరూ ఆ పేరు పైకి అనాలి. ఇసాకర్ నోట తప్పు పేరు ఎవరూ వినలేదు. రెండేళ్ల కిందట అతను పోతే సంఘం వాళ్లు చందాలేసుకుని సమాధి రాయి మీద చెక్కించారు: "ఎన్నడూ తప్పు పేరు పలకనివాడు."

అతను పోయాకే కలప రేవు గుంజలకు గోరంత చారల ఆల్చిప్పలు గుత్తులుగా పట్టడం అందరి కళ్లా పడింది. పట్నంలోని డాక్టర్ థర్ల్‌బీ పత్రికలో రాశాడు: ఇవి అనాదిగా మన నీళ్లలో ఉన్నవే, నేతగాళ్లకు చూపు ఆనలేదంతే. అదే నిజమైతే ఇన్నేళ్లూ వాటిని పట్టుకోని ఇసాకర్ ఇరవై రెండు జాడీలూ చెత్త కింద లెక్క. ఆ జాడీలు చూడడానికే ఆయన వస్తున్నాడు.

శనివారం మధ్యాహ్నం కెజాయా ఆఖరి జాడీ గుడ్డ మీద ఒంపింది. అడుగున ఒక బెరడు ముక్క, దానికి తన ఒంటి పీచుతోనే అతుక్కుని ఉన్న చారల ఆల్చిప్ప. తండ్రి చేతి రాతలో చీటీ: "1832. కలప రేవు. కాలువ ఎండి ఉన్న రోజు. లివర్‌పూల్ ఓడరేవు నుంచి బండి మీద అప్పుడే దిగిన దుంగకు అంటుకుని ఉంది. బండివాడు తిని పారేసింది. లెక్కలోకి రాదు."

బండివాళ్లకు, పడవవాళ్లకు సముద్రపు ఆల్చిప్పలు ఉడికించి వెనిగర్‌లో అద్దుకు తినడం అలవాటు. ఆ చిప్పలు ఏటా బుట్టెడు దొరికేవి. నాన్న ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

ఇప్పటి అధ్యక్షుడు ఏమస్ లోమాక్స్‌కు చూపించింది. ఆయన చీటీ చదివి తల గీరుకున్నాడు.

"పొయ్యిలో పడెయ్యమ్మాయ్. ఆ రాయి మీద అక్షరాలు చూసి రేపు ఊరంతా నవ్వాలా?"

"ఏదీ పారెయ్యొద్దన్నది ఆయనే కదా బాబాయ్."

"ఆయనకి తెలిస్తే ఇది మాత్రం పారేసేవాడే!"

కెజాయా దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. పారేయలేదు. చూపిస్తానని మాటా ఇవ్వలేదు.

ఆదివారం మేడ నిండిపోయింది. డాక్టరుగారు మర్యాదగానే జాడీలన్నీ చూశాడు. ఆమె దాచిన చిప్ప తప్ప ఒక్కదాంట్లోనూ చారల ఆల్చిప్ప లేదు.

"శ్రమ కనబడుతోందమ్మా. కానీ మీకు దొరకలేదంటే నీళ్లలో లేదని కాదుగా. ఏ లోతులోనో ఉండి ఉంటాయి."

"మీ పట్నం దొరలు ఆ లోతులో దిగి చూశారా అండీ?" వెనకనుంచి ఎవరో అడిగారు. మేడంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వి టోపీ అందుకున్నాడు.

అప్పుడు కెజాయా జేబులోంచి ఆ బెరడు ముక్కనూ చీటీనీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకోటుందండీ. ఆ చీటీ పైకే చదవండి."

డాక్టరు చదివాడు. "బండివాడు తిని పారేసింది" దగ్గర గదిలో ఎవరూ నవ్వలేదు. ఏమస్ తల దించుకున్నాడు.

"మా నాన్న పొరబడ్డాడండీ. కానీ ఆ పైన రాసింది చూడండి. ఆవేళ కాలువలో చుక్క నీరు లేదు. దుంగ బండి మీద వచ్చింది. మా నీళ్లు దానికి తగల్లేదు. మరి ఈ చిప్ప దాన్ని ఎక్కడ పట్టుకుంది?"

బండ్లు చేసే ముసలాయన బెరడు ముక్క తీసుకుని వాసన చూశాడు. "ఇది సముద్రం అవతలి బాల్టిక్ దేశాల దేవదారండీ. మన ఊళ్లో ఈ చెట్టే లేదు."

డాక్టరు భూతద్దం పెట్టి పీచు చూశాడు. బెరడును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత టోపీ బల్ల మీద పెట్టేశాడు.

"ఉడికించి తిన్నది కర్రనిలా పట్టుకోదు. కలపతోనే వచ్చింది. తప్పు నాదే, పత్రికలో అదే రాస్తాను." చీటీ మడుస్తూ అన్నాడు, "పనికిరాదనుకున్నది కూడా ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి దాచిన మనిషిని నేను మా సభల్లో చూడలేదమ్మా. ఎవరి పేరు వెయ్యమంటావు? నీదా?"

"దొరికింది ఆయనకి. పొరబడిందీ ఆయనే. రెండూ వెయ్యండి."

ఏమస్ లేచి ఆ చిప్పను ఎత్తి పట్టుకున్నాడు. డాక్టరు లాటిన్ పేరు చెప్పాడు. ఎవరి నోరూ తిరగలేదు.

"మనకదెందుకురా! బండివాడి తిండి!" అన్నాడు ఏమస్, దాన్ని పక్కవాడికి అందిస్తూ.

చిప్ప చేతులు మారింది. నలభై మంది ఒకరి తర్వాత ఒకరు ఆ పేరు పైకి అన్నారు. డాక్టరూ అన్నాడు. తన వంతు వచ్చినప్పుడు కెజాయా అందరికంటే గట్టిగా అంది.

ఆ వారమే ఆమె రాయి చెక్కేవాణ్ని పిలిపించింది. తండ్రి సమాధి మీది పాత వాక్యాన్ని చెరిపించి, ఆ చోట కొత్తది పెట్టించింది: "ఏదీ పారేయనివాడు."

ఎప్పుడైనా ఏ కాలువ గుంజకో చారల ఆల్చిప్పలు కనిపిస్తే, హాల్డెన్ నేతగాడు ఇసాకర్ హాలోస్‌ను ఒక్కసారి తలుచుకోండి. ఆయన పొరబాటుతో సహా తలుచుకోండి. కూతురు కోరుకున్నది అదే.