రెండో నొక్కు

టీచరమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. ఇరవై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన గొంతు ఒక్క పూటలో పడిపోయింది. కాళ్ళూ చేతులూ పోయాయి. మిగిలింది కుడి చెంప ఒక్కటే. ఆ చెంప పక్కన మంచం కమ్మీకి బిగించిన గుండ్రటి బటనే ఇప్పుడామె నోరు. ఒకసారి నొక్కితే కంప్యూటర్ “అవును” అనేది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే “కాదు” అనేది.

ఒక సోమవారం పొద్దున ఆ కంప్యూటర్లోని ప్రోగ్రాం తనంతట తానే కొత్తదైంది.

“ఫ్యాన్ ఆపనా?” అన్నాడు భర్త. ఆమె రెండుసార్లు నొక్కింది. “అవును” అంది యంత్రం. ఫ్యాన్ ఆగిపోయింది.

మధ్యాహ్నానికి ఆమెకు తెలిసిపోయింది, రెండో నొక్కును అది మింగేస్తోందని. తెలిసిన సంగతి చెప్పడానికి మాత్రం ఆ బటన్ తప్ప దిక్కులేదు.

భర్త చెడ్డవాడేం కాదు, అలిసిపోయాడంతే. అలిసినవాడి చెవికి ‘అవును’ అన్న మాట తేనెలా ఉంటుంది. “ఈమధ్య ఎంత బాగా సర్దుకుపోతున్నావో” అంటూ తల నిమిరేవాడు. నిమిరేటప్పుడు కూడా చూపు తెర మీదే. ఆమె నాలుక కాలే పాలు తాగింది, కడుపుకు పడని మందు మింగింది.

పదోరోజున ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఊరి చివర ఒక హోమ్ ఉందట. నర్సులుంటారు. నావల్ల కావడం లేదే. వచ్చే గురువారం బండి పంపుతామన్నారు. వెళ్తావా?”

మెడ నరాలు తేలేలా ఆమె నొక్కింది. మళ్ళీ నొక్కింది. “అవును. అవును. అవును.”

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “నా కష్టం నీకు తెలుసని నాకు తెలుసు.”

బట్టలు సర్దడానికి మంగళవారం చెల్లెలొచ్చింది. నోరు ఊరుకునే మనిషి కాదు.

“ఏమే అక్కా, నన్ను వదిలించుకుని పోతున్నావా? సంతోషమేనా?”

“అవును.”

“ఓసి నీ దుంపతెగ! నేనంత పగదాన్నా నీకు?”

“అవును.”

నవ్వుతూ తలెత్తిన చెల్లెలు అక్క ముఖం చూసి ఆగిపోయింది. కన్నీళ్ళు చెవిలోకి జారుతున్నాయి.

“అక్కా, అవునంటే కళ్ళు మూసుకో. కాదంటే నన్నే చూడు. ఆ హోమ్‌కి వెళ్తానన్నావా?”

టీచరమ్మ రెప్ప వేయలేదు. కళ్ళు మండినా వేయలేదు.

చెల్లెలు ప్రోగ్రాం చేసిన కంపెనీకి ఫోన్ చేసింది. నాలుగు చేతులు మారాక ఒక ప్రోగ్రామర్ దొరికాడు.

“చెయ్యి వణికి రెండుసార్లు తగిలితే ఒకటిగానే తీసుకునేలా మార్చామండీ. మీ బటన్ మేం పరీక్షించినవాటి జాబితాలో లేదు. అది వాడేవాళ్ళు నలభైమంది కూడా ఉండరు.”

“ఆ నలభైమందిని అడిగారా?”

“అడిగామండీ. మార్పు బాగుందా అని తెర మీదే అడిగాం. అందరూ అవుననే అన్నారు.”

“దేంతో అన్నారు బాబూ?”

అవతల కీబోర్డు టకటకలాడి ఆగింది. తర్వాత అతను మెల్లగా, “అయ్యో” అన్నాడు.

బుధవారం సాయంత్రానికి పాత ప్రోగ్రాం పంపించాడు. చెల్లెలు దాన్ని ఎక్కించి, బావను పిలిచి అడిగింది. “హోమ్‌కి వెళ్తావా అక్కా?”

“కాదు.”

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. “మొన్న అవునంది, ఇవాళ కాదంటోంది. దేన్ని నమ్మమంటావు?”

“యంత్రం సంగతి వదిలెయ్ బావా. మనిషి ముఖం చూడు.”

ఆయన చూడలేదు.

గురువారం చెల్లెలు వాకిలికి అడ్డంగా కూర్చుంది. బండి ఖాళీగా తిరిగిపోయింది. ఆదివారం ఆమెకూ తన ఇల్లు చూసుకోక తప్పలేదు, వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన దుప్పటి మార్చాడు, మందు పోశాడు, కిటికీ మూశాడు. ఒక్కటీ అడిగి చేయలేదు. ఒక సాయంత్రం పక్కగదిలో గొంతు తగ్గించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. “బండి” అన్న మాటొక్కటే వినపడింది. టీచరమ్మ రెండుసార్లు నొక్కింది.

“కాదు” అంది యంత్రం, స్పష్టంగా.

పక్కగదిలో మాట ఒక్క క్షణం ఆగింది. తర్వాత తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.