కలపని అయిదు

సుద్దపొడి వేళ్ళ మీద రాలింది.

తెల్లగా, మెత్తగా... రాత్రంతా బయట కురిసినదానిలాగే. కాకపోతే ఇది కరగదు. ఏప్రాన్‌కు తుడుచుకుంటే ఏప్రాన్ మీదే ఉండిపోతుంది.

యసుయే నల్లబల్ల ముందు నిలబడింది. ఇంకా తెల్లవారలేదు.

స్కీ బూట్లు ఆరబెట్టే గది గుమ్మం పక్కన ఆ బల్ల. ఇరవై చలికాలాలుగా అక్కడే. ఆమె బసలో దిగినవాళ్ళు నిద్రకళ్ళతో ముందు దాని దగ్గరికే వస్తారు. కొత్త మంచు ఎన్ని సెంటీమీటర్లు. చలి ఎంత. సెకనుకు ఎన్ని మీటర్ల గాలి. పై లిఫ్టు నడుస్తుందా, లేదా.

కొండ మీది గస్తీవాళ్ళు ఫోన్లో చెబుతారు. యసుయే రాస్తుంది.

చెప్పింది చెప్పినట్టు రాయదు.

గాలికి అయిదు కలుపుతుంది.

ఎప్పుడు మొదలైందో... కూతురు మినెకో కాళ్ళకు మొదటిసారి స్కీలు కట్టిన ఏడాదేమో. అయిదు ఎక్కువ రాస్తే ఒక స్వెట్టరు ఎక్కువ వేసుకుంటారు. ఎక్కువ భయపడి చెడినవాళ్ళను ఆమె చూడలేదు.

టీవీలో వాతావరణం చూస్తుంది. రేడియోలో మళ్ళీ వింటుంది. రెండూ ఒకటే చెబితే అప్పుడు కుడి మోకాలిని అడుగుతుంది. గొల్లభామ గుడ్లు ఎంత ఎత్తున పెడితే ఆ ఏడు మంచు అంత ఎత్తు — ఆ లోయలో పెద్దల మాట. ఈసారి పెరటి మాచిపత్రి కాడ మీద ఆ గుడ్లు సరిగ్గా ఆమె గుండె ఎత్తున ఉన్నాయి. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

ఫోను మోగింది.

ఈ రోజు ఆ గొంతు మినెకోది.

గస్తీలో చేరి రెండేళ్ళు. పైకి వెళ్ళి, మంచు తవ్వి, గాలి కొలిచి, తన నోటితో చెప్పడం ఇదే మొదటిసారి.

“అమ్మా, రాసుకో. కొత్త మంచు నలభై. చలి మైనస్ తొమ్మిది. గాలి పది. పై లిఫ్టు నడుస్తుంది.”

“చేతికి తొడుగులున్నాయా?”

“ఉన్నాయి.”

“రెండు జతలా?”

“అమ్మా... కింద పేరు రాయడం మరిచిపోకు.”

బల్ల మీద చివరి గీత అదే. చూసి చెప్పినవారు — .

నలభై. మైనస్ తొమ్మిది. గాలి...

చెయ్యి అలవాటుగా పదిహేనుకు సిద్ధమైంది.

కింద కూతురి పేరు రాయాలి. మొట్టమొదటిసారి. దాని పైన అబద్ధం పెట్టాలా?

పది అనే రాసింది.

ఇరవై చలికాలాల్లో మొదటిసారి. చెయ్యి ఎంత తేలికైందో... కాస్త భయం కూడా వేసింది, అంత తేలికగా ఉన్నందుకు.

మిసో చారు. ఆవిరి. ముల్లంగి ఊరగాయ. తోకితా గారూ, ఆయన భార్య యోనే గారూ నిండుగా తిన్నారు. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ వస్తున్న దంపతులు. ఈసారి యోనే గారు మొదటిసారి శిఖరం దాకా వెళ్ళాలి. అక్కణ్ణుంచి సముద్రం కనిపిస్తుంది. డెబ్బై ఏళ్ళు. నయమైన మోకాలు. చిన్నపిల్లలా ముఖం.

వెళ్ళారు.

యసుయే గిన్నెలు కడిగింది. బూట్ల గది తుడిచింది. అక్కడ ఆగింది.

కొయ్యకు వేలాడుతూ — యోనే గారి ముఖానికి కప్పుకునే ఉన్ని టోపీ.

మందంది. వదిలేసి వెళ్ళారు.

కిటికీలోంచి కొండ చూసింది. శిఖరం అంచు నుంచి మంచు పొగలాగా లేస్తోంది. తెల్లటి పొగ. పొడుగాటి పొగ. తూర్పుకు వంగిన పొగ.

పది గాలికి ఆ కొండ అలా పొగ కక్కదు.

ఆమె పరిగెత్తింది. ఏప్రాన్‌తోనే. రబ్బరు బూట్లతోనే. మంచు మోకాలి దాకా. ఏప్రాన్ జేబులో ఆ ఉన్ని టోపీ.

పై లిఫ్టు దగ్గర వరసలో, ముందు నుంచి మూడోవాళ్ళుగా ఆ ఇద్దరూ.

“తోకితా గారూ, వెళ్ళకండి. గాలి ఎక్కువగా ఉంది.”

“అమ్మగారూ, మీరు చెప్పని రోజేది?” తోకితా నవ్వారు. “పది అని రాశారుగా. అంటే అయిదు.”

“అయిదేమిటి?”

“మీ గాలిలోంచి అయిదు తీసేస్తాంగా. అందరం తీస్తాం. కొత్తవాళ్ళకు కూడా మేమే నేర్పుతాం.”

యసుయే నోరు తెరిచింది. మంచుగాలి నోట్లోకి వెళ్ళింది.

ఇరవై చలికాలాలు... ఆమె కలుపుతూ, వాళ్ళు తీస్తూ.

“ఇవాళ కలపలేదండీ,” అంది.

“ఏమిటీ?”

“ఇవాళ... నేనేమీ కలపలేదు.”

తోకితా ముఖంలో నవ్వు ఆగింది. కొండవైపు చూశారు. పొగవైపు చూశారు. కిందికి వంగి భార్య స్కీలు విప్పసాగారు.

“సముద్రమో?” అని అడిగారు యోనే గారు.

“ఎక్కడికీ పోదులే.”

యసుయే ఉన్ని టోపీ తీసి ఆవిడ తలకు తొడిగింది. చెవుల మీదికి లాగింది. రెండుసార్లు లాగింది.

లిఫ్టు పక్క గుడిసెలో కూర్చుని వేడి వేడి తీపి గంజి తాగారు. గిన్నెలు సగం కాకముందే పై లిఫ్టు ఆగింది. గాలి పదిహేను దాటితే ఆపేస్తారు. ఖాళీ కుర్చీలు ఊగుతున్నాయి... ఊగుతున్నాయి. పైన ఎర్రజెండా. అది ఎత్తింది మినెకో.

మధ్యాహ్నం బసకు దిగివచ్చింది. కనురెప్పల మీద మంచు. చేతులకు రెండు జతల తొడుగులు.

యసుయే ముందు అవి లెక్కపెట్టింది. తరువాత అడిగింది.

“పొద్దున నిజంగా ఎంతే గాలి?”

“పద్నాలుగు, పదిహేను.”

“మరి పది అన్నావేం?”

మినెకో ముక్కు ఎర్రగా ఉంది. ఇంకా ఎర్రబడింది.

“నువ్వు అయిదు కలుపుతావు కదమ్మా. కలిపితే సరిగ్గా వస్తుందని...”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

మొదట నవ్వింది, పొయ్యి దగ్గర భర్త పక్కన కూర్చున్న యోనే గారు. “ఒకరు కలుపుతారు, ఒకరు తీస్తారు. గాలి పాపం ఏం చేస్తుంది?”

“రేపటి నుంచి ఉన్నదే చెబుతాను,” అంది మినెకో.

“మేమూ తియ్యం,” అన్నారు తోకితా. “మీరు కలపకపోతే.”

యసుయే ఊఁ అంది.

ఊఁ అంది గానీ లోపల ఇంకేదో వెచ్చగా కదులుతోంది. తన భయం తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ. దానికి కూతురు చోటు వదిలిపెట్టింది. సరిగ్గా అయిదంత చోటు. కొలిచి మరీ.

ఆ రాత్రి ఆమె టీవీ చూసింది. రేడియో వినలేదు. మోకాలిని అడగలేదు.

తెల్లవారుజామున ఫోను మోగింది.

కొత్త మంచు ఏడు. చలి మైనస్ ఆరు. పై లిఫ్టు నడుస్తుంది.

“గాలి అయిదు.”

“అయిదేనా?”

“అయిదేనమ్మా.”

వెనక మెట్ల మీద యోనే గారి అడుగులు. మెల్లగా, ఆత్రంగా. చేతిలో ఉన్ని టోపీ.

కిటికీ బయట కొండ. పొగ లేదు. ఉన్నా సన్నగా... ఉందో, లేదో.

యసుయే రాసింది. గాలి — .

సుద్దముక్క అయిదుకూ పదికీ మధ్య, బల్లను ఆనుకుని ఆగింది.

వేళ్ళ మీద పొడి రాలింది. తెల్లగా, మెత్తగా... బయట కురుస్తున్నదానిలాగే.

ఇది కరగదు.