తుంగ పచ్చగా ఉన్న బావి

1989 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం బోధన్‌లోని సాయవ్వ ఇంట్లో అన్నంలోకి పచ్చిపులుసే దిక్కయింది. పొయ్యి మీద కందిపప్పు ఉంది కానీ, పొద్దుటి నుంచి ఉడికినా పలుకు పలుకుగానే మిగిలింది.

"నా చేతికి వెన్నలెక్క ఉడికేది," అంది సాయవ్వ, బీడీల చాట ఒళ్లోకి లాక్కుంటూ. "గీ భీమ్‌గల్ పిల్ల చేతికి మాత్రం ఉడుకుతలేదు."

కోడలు ప్రమీల తలొంచుకుంది. నిరుటి ఎండాకాలంలో పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఇదే మాట. ఈ రాత్రికి పుట్టింటి నుంచి ఆమె బాపు భోజనానికి వస్తున్నాడు. ఆయన ముందు కూడా అత్త ఈ మాట అంటే?

అప్పుడే గల్లీలో పళ్లెం మోగింది. సైన్సు చెప్పే దేవిదాస్ సారు బోరింగు దగ్గర నిలబడి ఆడవాళ్లందరినీ పిలుస్తున్నాడు. ఆయన చేతిలో ఒక సీసా. బోరింగు నీళ్లలో కాస్త సబ్బునీళ్లు పోసి, మూత బిగించి ఊపాడు. నురగ రాలేదు. తెల్లటి తునకలు తేలాయి.

"ఇగో, గిదే ఆట," అన్నాడు. "ఒక్కో ఇంటికెల్లి ఇద్దరు. నురగ మస్తుగ వచ్చే నీళ్లు ఎతికి తేవాలె. మండుటెండల్ల గూడ తుంగ పచ్చగుండే జాగ సూడుర్రి. గెలిచినోళ్లకు స్టీలు బిందె!"

"బిందె" అనగానే సాయవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "పా పిల్లా!"

ప్రమీల కొంగు దోపుకుంది. పుట్టింటి పసుపు చేలల్లో తుంగ పీకీ పీకీ అలసిన చేతులవి. "అత్తా, అడుగున తడి లేంది తుంగ బతుకది. ఈడ తడి ఏడుంటది?"

సాయవ్వ కళ్లు మెరిశాయి. "కాలువ పక్క పాత బావి! బోరింగు పడ్డంక ఎవ్వరు పోతలేరు."

బొక్కెన, తాడు, బిందె పట్టుకుని ఇద్దరూ పరుగు. పక్కింటి గంగుబాయి తన కోడలితో బడి బావి వైపు మళ్లుతూ అరిచింది: "సాయవ్వా, మోకాళ్లు జాగ్రత్త! బిందె నాది!"

"నీ బిందె నీళ్లల్ల పడ!" అని సాయవ్వ ఎదురు కేక వేసింది.

చెరుకు బండ్లను తప్పించుకుంటూ, బెల్లం వాసన పీలుస్తూ కాలువ గట్టు ఎక్కారు. బావి చుట్టూ తుంగ మోకాలెత్తు, పచ్చగా! ప్రమీల ఆగకుండా చేది బిందె నింపింది. తిరిగొచ్చేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు.

సారు ముందు గంగుబాయి నీళ్లు ఊపాడు. నురగ సీసాలో సగందాకా వచ్చింది. తర్వాత ప్రమీల నీళ్లు. నురగ మూతదాకా పొంగింది! గల్లీ అంతా చప్పట్లు.

"కాలువ నీళ్లు ఊరి బావిల దిగుతయి, అందుకే గట్లున్నయి," అన్నాడు సారు. "బోరింగు నీళ్లు లోతుల సున్నపురాయిని కరిగించుకోని వస్తయి. గా నీళ్లల్ల సబ్బు నురగ రాదు, పప్పు ఉడకది."

సాయవ్వ చప్పట్లు ఆగిపోయాయి. "బోరింగు ఎప్పుడు పడ్డది?" అంది మెల్లగా.

"నా లగ్గమైన వారానికి, అత్తా," అంది ప్రమీల.

సాయవ్వ గెలిచిన స్టీలు బిందెను చంకన పెట్టుకుంది. ఇంటికొచ్చి, బావి నీళ్లతో ఎసరు తనే పెట్టింది. గంట తిరక్కుండానే పప్పు మెత్తగా మెదిగింది. ప్రమీల గరిటె ఎత్తి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

రాత్రి బాపు విస్తరి ముందు కూర్చున్నాడు. సాయవ్వ పప్పు వడ్డిస్తూ, "ఇంకింత ఏసుకో అన్నా," అంది. "నీ బిడ్డ తెచ్చిన నీళ్లు. రేపటి సంది నేను గూడ పోత, రెండు బిందెలు తెద్దుము."

బాపుకి ఏమీ అర్థం కాలేదు. కానీ కూతురి ముఖం చూసి, ఇంకో ముద్ద కలిపాడు.

ఆ రాత్రి ప్రమీల పడుకుని కళ్లు మూసుకుంది. రోజూ తలుపును ధడాలున వేసే సాయవ్వ, నిద్రపోతున్న కోడలి వైపు ఒకసారి చూసి, కిర్రుమనకుండా రెక్కను చేత్తో పట్టి, మెల్లగా గడియ పెట్టింది.