ఏడో మంచం

ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జ్యోతి కంప్యూటర్ పని చూసేది. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు మంచం ఖాళీ చేసే ప్రొసీజర్ ఒకటి, అంటే ఒక చిన్న ప్రోగ్రాం, డేటాబేస్‌లో రాసిపెట్టింది. మంచం నంబరిచ్చి దాన్ని కాల్ చేస్తే, అంటే నడిపిస్తే, ఆ రోగికి మందులు, భోజనం, ఆక్సిజన్ అన్నీ ఆగిపోతాయి. అందుకే అది ముందుగా ఒక ఫంక్షన్‌ను, అంటే తనిఖీ చేసే మరో ముక్కను, పిలిచేలా పెట్టింది. డాక్టరు సంతకం ఉందో లేదో ఆ ఫంక్షన్ చెబుతుంది. లేదని చెబితే ప్రొసీజర్ అక్కడే నిలిచిపోతుంది.

ఆ మధ్యాహ్నం మేనేజరు ప్రతాప్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఐసీయూలో ఏడో మంచం ఖాళీ చెయ్. పులివెందుల నుంచి పెద్దోళ్ళు వస్తాండారు."

"ఆడ మునెయ్య ఉండాడు సార్, లింగాల ఊర్లో గొర్రెలు మేపే ఆయప్ప. డాక్టరు సంతకం లేకుంటే అది పనిచెయ్యదు."

"సంతకం చూసే ముక్క తీసెయ్. నువ్వు రాసిందే గదా?"

"ఆయప్పకు ఊపిరాడ్డంల్యా సార్."

"నీ మాదిరి రాసేటోళ్ళు ఈ ఊర్లో శానామంది ఉండారు."

జ్యోతి ప్రొసీజర్‌లో ఆ ఫంక్షన్‌ను పిలిచే వరుస తీసేసింది. ఏడు అని ఇచ్చి ప్రొసీజర్‌ను కాల్ చేసింది. పని పూర్తయిందని తెర మీద పడింది.

కాసేపటికి మునెయ్య భార్య చౌడమ్మ జ్యోతి గది గడపలో నిలబడింది.

"పాపా, మా ఇంటాయన పేరు కంప్యూటర్లో లేదని గాలి పైపు పీకేసినారు. వరండాలో పండబెట్టినారు. ఒగసారి సూడమ్మా, యాడన్నా ఉంటాదేమో."

జ్యోతి వెతుకుతున్నట్టు కాసేపు కీబోర్డు మీద వేళ్ళు ఆడించింది. "లేదవ్వా" అంది.

"మనిషి ఈడనే ఉండాడు గదమ్మా. పేరు యాడికి పోతాది?"

వెనకే వచ్చిన ప్రతాప్ నవ్వాడు. "బాగైపోయినాడని రాసుండాది. ఇంటికి పిల్చుకపో."

సర్కారు ఆసుపత్రి గేటు చేరకముందే, ఆటోలో, చౌడమ్మ ఒడిలో మునెయ్య పోయాడు. ఆ సంగతి వాచ్‌మన్ చెప్పాడు. జ్యోతి, తీసేసిన వరుసను మళ్ళీ పెట్టింది.

మరుసటి రోజు ప్రతాప్ కేకలేశాడు. "మళ్ళా ఆపుతాంది! ప్రతిసారీ నిన్ను అడుక్కోవాల్నా? సంతకం అడగని బటన్ ఒగటి నాకు పెట్టియ్, నేనే నొక్కుకుంటా."

జ్యోతి పెట్టిచ్చింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది పనిచేస్తుందో లేదో చూద్దామని, ఎవరున్నారని కూడా అడక్కుండా, నాలుగో మంచం నంబరు కొట్టి బటన్ నొక్కాడు.